కొలబద్ద మార్చి, గ్రేడు మాత్రం పాతదే వేస్తామంటే ఎలా?

మన ఐటీ వాళ్ళకి ఒక అలవాటుంది. కొత్త టూలొకటి వచ్చి పాతదానికి కనపడనివి చూపించిందంటే చాలు, ఇంక అదే కరెక్టు, పాతది దండగ అని తేల్చేస్తాం. ఆఫీసులో అయితే పోయేది ఒక రిలీజు. అదే లెక్క కిడ్నీ దగ్గర వేస్తే పోయేది కిడ్నీయే. అందుకే ఈ టపా కాస్త ఘాటుగా ఉంటుంది, ఏమనుకోకండి.

కంపెనీలు ఏడాదికోసారి చేయించే హెల్త్ చెకప్పుల్లో కడుపు అల్ట్రాసౌండు ఒకటుంటుంది కదా. వయసు పెరిగేకొద్దీ అందులో కిడ్నీ సిస్టులు (నీటితిత్తులు) బయటపడడం మామూలే. చాలావరకు పల్చటి గోడ, లోపల నీళ్ళు, అంతే. వాటి మానాన వాటిని వదిలెయ్యొచ్చు. గొడవంతా లోపల అడ్డుపొరలు, మందపాటి గోడలు, గడ్డలు ఉన్నవాటితోనే. ఏది మంచిదో ఏది చెడ్డదో తేల్చడానికి న్యూయార్కు రేడియాలజిస్టు మోర్టన్ బోస్నియాక్ 1986లో నాలుగు గ్రేడుల పద్ధతి ఒకటి పెట్టాడు. తర్వాత రెండుకీ మూడుకీ మధ్య 2ఎఫ్ అని ఇంకోటి చేరింది. ఎఫ్ అంటే ఫాలో అప్. 1, 2 అయితే వదిలెయ్యడం, 2ఎఫ్ అయితే ఐదేళ్ళపాటు స్కాన్లు తీస్తూ కనిపెట్టి ఉండడం, 3, 4 అయితే ఆపరేషన్ మాట రావడం... స్థూలంగా ఇదీ సంగతి.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే. ఈ గ్రేడులు పుట్టింది సీటీ స్కాన్ మీద. ఏ గ్రేడులో క్యాన్సరు ఎంత శాతం అన్న అంకెలు కూడా ప్రధానంగా సీటీ గ్రేడుల మీద లెక్కకట్టినవే.

ఇప్పుడు కొత్త టూలు సంగతి చూద్దాం. కాంట్రాస్ట్ అల్ట్రాసౌండు అంటే రక్తంలోకి అతి సన్నని గ్యాసు బుడగలు ఎక్కించి చూడడం. సోనోవ్యూ అనే మందులో ఉండేది సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ గ్యాసు. బుడగ సైజు సగటున రెండున్నర మైక్రాన్లు, అంటే ఎర్ర రక్తకణం కన్నా చిన్నది. ఇవి రక్తనాళం దాటి బయటికి పోవు. ఆ గ్యాసు ఊపిరితోపాటు బయటికి పోతుంది, కిడ్నీలకి పని లేదు. రేడియేషన్ లేదు. సన్నటి పొరలో ఒకటో రెండో బుడగలు కదిలినా తెర మీద మెరుస్తాయి. సీటీలో అయితే అంత సన్నటి పొర పక్కనున్న నీళ్ళలో కలిసిపోయి అసలు తేలదు.

అద్భుతమే, కాదనను. కానీ ఆ తర్వాత చేసే పనే నాకు మింగుడు పడదు. ఆ మెరుపులన్నీ లెక్కపెట్టి, సీటీ కోసం రాసిన టేబుల్లో పెట్టి గ్రేడు ఇచ్చెయ్యడం!

2019లో బోస్నియాక్ పద్ధతిని సవరించారు. పల్చటి పొరలు మూడు దాకా ఉంటే 2, నాలుగైతే 2ఎఫ్. గోడ మందం 3 మిల్లీమీటర్లయితే 2ఎఫ్, 4 అయితే 3. ఇలా అంకెలు పెట్టి బిగించారు, మంచి పని. అయితే ఆ సవరణ రాసింది సీటీకి, ఎమ్మారైకి. బుడగల పరీక్షని అందులో కలపలేదు. ఇప్పుడు మీరే చెప్పండి. సీటీకి మూడు పొరలు కనపడిన సిస్టులో బుడగలకి నాలుగోది కనపడింది. సిస్టు మారలేదు, మనిషి మారలేదు, గ్రేడు మాత్రం పెరిగింది! ఐదేళ్ళ స్కాన్లు, ఐదేళ్ళ దిగులు నెత్తిన పడ్డాయి. 3 మిల్లీమీటర్ల గోడ 4లా కనపడితే ఏకంగా ఆపరేషన్ గదిదాకా వెళ్ళే ప్రమాదం ఉంది.

ఇదేదో ఊహించి చెప్పడం లేదు. 2007లో కొరియా వైద్యులు అచ్చేసిన అధ్యయనంలో 31 సిస్టుల్ని రెండు రకాలుగా చూస్తే 23కి ఒకే గ్రేడు వచ్చింది. తేడా వచ్చిన 8లో బుడగల పరీక్ష గ్రేడుని పైకి జరిపింది. చిన్న శాంపిలే, ఒప్పుకుంటా. కానీ తప్పు అటూ ఇటూ సమానంగా పడితే అది నాయిస్. ఒకవైపే జరిగితే దాన్ని మనం ఏమంటామో మీకు చెప్పాలా?

"ఎక్కువ కనపడితే మంచిదే కదా, క్యాన్సరు తప్పించుకోదు" అంటారు. నిజమే, కొన్నిచోట్ల సీటీ వదిలేసిన గడ్డని ఇది పట్టుకుంటుంది. కానీ రెండో పక్క కూడా చూడండి. 2017లో పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కేస్తే, గ్రేడు 3 అని కోసినవాటిలో క్యాన్సరు తేలింది దాదాపు సగమే. అంటే పాత కొలతతోనే సగంమందికి కత్తి దండగైంది. ఆ గ్రేడులోకి ఇంకొంతమందిని తోస్తే ఆ సగం ఏమవుతుంది? కంసాలి త్రాసు మీద ఉల్లిపాయలు తూస్తే గ్రాములు కచ్చితంగా వస్తాయి, ఉల్లిపాయ బంగారం అయిపోదు.

"సెన్సిటివిటీ వంద శాతం" అనే పేపర్లని చదివేటప్పుడు ఇంకో చిక్కుంది. నిజం ఖాయంగా తెలిసేది సిస్టుని తీసి మైక్రోస్కోపు కింద పెట్టినప్పుడే. గ్రేడు 1, 2 వాటిని ఎవరూ కొయ్యరు. కోసినవన్నీ ముందే అనుమానం ఉన్నవి. ఇలా ఏరిన డేటా మీద ఆక్యురసీ లెక్కేసి చూపిస్తే మన టీములో కొత్తగా చేరిన కుర్రాడిని కూడా వదలం. డాక్టర్ల పేపరైతే మాత్రం నోరు మూసుకోవాలా?

అలాగని ఈ పరీక్షే వద్దని నేననడం లేదు. కిడ్నీలు బాగా దెబ్బతిని అయోడిన్ కాంట్రాస్టు ఇవ్వడానికి డాక్టర్లు వెనకాడే వాళ్ళకి ఇది పెద్ద ఆసరా. సీటీలో "ఇది గడ్డా, ఉత్త చిక్కటి ద్రవమా" అని తేలనప్పుడు రక్తం పారుతోందో లేదో చూపించడంలో దీనికి తిరుగులేదు. ఆ ప్రశ్నకి ఆ జవాబు వాడుకోండి. యూరప్ అల్ట్రాసౌండు సంఘాల సమాఖ్య 2020 ప్రతిపాదన పేరుతో బుడగల పరీక్షకి సర్దిన వేరే గ్రేడుల పట్టిక ఇచ్చింది కూడా. పాత పట్టిక ఉన్నదున్నట్టు సరిపోతే కొత్తది ఎందుకు రాసినట్టు?

కాబట్టి మీ చేతికో, మీ అమ్మానాన్నల చేతికో రిపోర్టు వచ్చినప్పుడు గ్రేడు ఒక్కటే చూసి గుండెలు బాదుకోకండి, గుండెల మీద చెయ్యేసుకుని పడుకోనూ వద్దు. మూడు ప్రశ్నలు అడగండి. ఏ పరీక్షతో కొలిచారు? ఏ ఏడాది పట్టిక ప్రకారం? పొరలెన్ని, మందమెంత? గ్రేడు 3 అన్నచోట ఇంకో రేడియాలజిస్టుకి కూడా చూపించండి. ఒకే సిస్టుకి ఇద్దరు వేరువేరు గ్రేడులు ఇవ్వడం ఎక్కువగా జరిగేది ఈ 2, 2ఎఫ్, 3 మధ్యనే.

దేనితో కొలిచారో రాయని గ్రేడు యూనిట్లు లేని నంబరు. అలాంటి నంబరు చూసి మనం సర్వరు కూడా రీస్టార్ట్ చెయ్యం. కిడ్నీ ఎలా తీయించుకుంటాం?