పరుగుకు ముందు కాఫీ

పోలీసు, సైనిక ఎంపికల కాలం వచ్చిందంటే ఊరి బడి మైదానాలు తెల్లవారకముందే మేలుకొంటాయి. 1600 మీటర్ల పరుగును గడువులోగా ముగించాలన్న తపనతో యువకులు చెమటోడుస్తుంటారు. రెండు మూడు సెకన్ల తేడా బతుకుదారినే మార్చివేయగల ఆ పరుగుకు ముందు కాఫీ తాగితే మేలనే మాట వారిలో వాడుకలో ఉంది. ఆ మాటలో నిజం లేకపోలేదు. కాని ఆ నిజం వారు ఆశించినంత పెద్దది కాదు.

కాఫీలోని కెఫీన్ దేహానికి కొత్త బలాన్ని ప్రసాదించదు. శ్రమించేకొద్దీ అడినోసిన్ అనే పదార్థం మెదడుకు అలసట కబురు చేరవేస్తుంది. అది చేరవలసిన స్థానాలను కెఫీన్ ముందుగానే ఆక్రమిస్తుంది. ఇంట్లో అప్పులవాడు కూర్చున్నా యజమానికి ఆ కబురు అందనట్లే, అలసట ఉన్నా తెలియదు. 1978లో అమెరికాలో డేవిడ్ కాస్టిల్ బృందం తొమ్మిదిమంది సైకిల్ పోటీదారులను పరీక్షించింది. కెఫీన్ తీసివేసిన కాఫీ తాగిననాడు సుమారు 75 నిమిషాలకే డస్సిపోయినవారు, 330 మిల్లీగ్రాముల కెఫీన్ గల కాఫీ తాగిననాడు 90 నిమిషాల వరకు నిలిచారు. అది దీర్ఘకాల శ్రమకు చెందిన లెక్క. ఏడెనిమిది నిమిషాల పరుగుకు దానిని యథాతథంగా అన్వయించడం తగదు. అక్కడ లాభమంటూ కలిగితే అది కొద్ది సెకన్లే.

ఇది అధర్మమా అన్న ప్రశ్న కూడ ఒకప్పుడు ఉండేది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియా పెంటాథ్లాన్ క్రీడాకారుడు అలెక్స్ వాట్సన్‌ను కెఫీన్ మోతాదు మించిందని పోటీనుండి తొలగించారు. తాను తాగింది కాఫీయేనని ఆయన వాదించాడు. 2004లో కెఫీన్‌ను నిషేధ జాబితానుండి తీసివేశారు. లోకమంతా ఉదయాన సేవించే పానీయాన్ని నేరంగా ఎంచకపోవడం సముచితమే. అయితే నిషేధం తొలగినంతమాత్రాన అది అందరికీ హితమైనదని తలచరాదు.

శాస్త్రజ్ఞులు సూచించే మోతాదు కిలో శరీరబరువుకు 3 నుండి 6 మిల్లీగ్రాములు, అదీ గంట ముందు. అరవై కిలోల యువకునికి కనీసం 180 మిల్లీగ్రాములన్నమాట. ఇంటి ఫిల్టరు కాఫీలో అంత ఉన్నదని ఎవరు కొలిచారు? పొడిలో కలిసే చికోరీలో కెఫీన్ బొత్తిగా ఉండదు. రొబస్టా గింజలోనో అరబికా కంటె దాదాపు రెట్టింపు ఉంటుంది. ఈ అనిశ్చితి కారణంగానే కొందరు మాత్రలవైపు, ఉత్తేజక పానీయాలవైపు మొగ్గుతారు. మోతాదు మించితే గుండె దడ, చేతుల వణుకు, కడుపులో కలవరం తప్పవు.

అన్నిటికంటె విలువైనది నిద్ర. తాగిన అయిదారు గంటల తరువాత కూడ దాదాపు సగం కెఫీన్ దేహంలో మిగిలే ఉంటుంది. సాయంకాల సాధనకు ముందు తాగిన కాఫీ రాత్రి నిద్రను హరిస్తుంది; నిద్రలేమి మరునాటి పరుగును మందగింపజేస్తుంది; దానిని కప్పిపుచ్చడానికి మరొక కప్పు. కాఫీ అలవాటున్నవారు దాని ప్రభావాన్ని సాధన దినాలలోనే పరీక్షించుకోవచ్చు. ఎన్నడూ ముట్టని యువకుడు, రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చి, ఎంపిక మైదానం ఎదుటి బడ్డీకొట్టులో ఖాళీ కడుపున రెండు గ్లాసులు తాగి వరుసలో నిలబడడం మాత్రం ఆరునెలల సాధనను పందెం ఒడ్డడమే.