దొరికింది ఏమిటో ఒక్కటే కాదు, ఎక్కడో రాయండి



తెలుగు నేర్చుకునేవాళ్లకి మొదటి వారంలోనే వచ్చే ప్రశ్నలు అయిదు. ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు, ఎలా. ఈ అయిదు మాటలు వస్తే చాలు, మీరు చరిత్రలో ఒక చిన్న ముక్కని కాపాడగలరు. మిమ్మల్ని ఉత్సాహపరచడానికి చెప్పే మాట కాదిది. ఎందుకో చెప్తాను.

మన ఊళ్లలో పొలం దున్నుతుంటే, బావి తవ్వుతుంటే, ఇంటికి పునాది తీస్తుంటే చిన్న చిన్న పాత వస్తువులు పైకి వస్తాయి. రాగి నాణెం, సీసపు నాణెం, మట్టి పూస, శంఖపు గాజు ముక్క, నల్లటి పెంకు, అక్షరాలున్న రాతి ముక్క. (పెంకు అంటే పగిలిన కుండ ముక్క.) ఇవి దొరికాక మామూలుగా మూడు జరుగుతాయి. పిల్లలు కాసేపు ఆడుకుని పారేస్తారు. లోహమైతే కరిగించడానికో, పాత సామాన్లవాడికో పోతుంది. లేదా "కెనడాలో ఉన్న మా మనవడికి గుర్తుగా ఉంటుంది" అని తాతగారు ఒక డబ్బాలో దాచి, మనం సెలవులకి వెళ్లినప్పుడు చేతిలో పెడతారు.

ఈ మూడోదాని గురించి మనం మాట్లాడుకోవాలి, ఎందుకంటే అందులో మనం ఉన్నాం. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఆ వస్తువుని ఇక్కడికి తేకండి. దాని వివరం రాయండి. రాసినది అక్కడి పురావస్తు శాఖకి చేరేలా చూడండి.

వివరానికి అంత విలువ ఏమిటని అడగవచ్చు. కోటిలింగాల సంగతి చూడండి. ఇది నేటి జగిత్యాల జిల్లాలో, పెద్దవాగు గోదావరిలో కలిసేచోట ఉన్న ఊరు. 1970లలో అక్కడ నేలమీద దొరికిన చిన్న నాణేలు పండితుల దగ్గరికి చేరాయి. పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారు వాటి గురించి రాశారు. తరవాత అక్కడ తవ్వకాలు కూడా జరిగాయి. ఆ నాణేల మీద గోబద, నారన, కంవాయ, సమగోప అనే పేర్లు ఉన్నాయి. సిముకుడి పేరు ఉన్న నాణేలు కూడా ఉన్నాయి. సిముకుడు శాతవాహన వంశానికి మొదటి రాజని పురాణాలు చెప్తాయి. మహారాష్ట్రలోని నానేఘాట్ గుహలో కూడా ఆయన పేరు ఉంది. అందుకే శాతవాహనులు మొదట పడమటి దిక్కున ఏలారని చాలామంది అనేవారు. కోటిలింగాల నాణేల తరవాత, వాళ్ల మొదలు తెలంగాణలోనే అనే వాదానికి బలం వచ్చింది.

ఇప్పుడు ఆలోచించండి. అదే సిముకుడి నాణెం ఏ ఊరిదో తెలియకుండా టొరంటోలో ఒక డ్రాయర్‌లో ఉంటే ఏమయ్యేది? నాణెం అదే, అక్షరాలు అవే. కానీ ఆ వాదానికి అది ఎందుకూ పనికిరాదు. లోహం విలువ చూస్తే ఆ నాణేనికి పెద్ద ధర రాదు. దాని విలువంతా "కోటిలింగాలలో దొరికింది" అనే రెండు మాటల్లో ఉంది.

మన భాష చరిత్ర కూడా ఇలాంటి ముక్కల మీదే నిలబడింది. అమరావతి స్తూపం దగ్గర దొరికిన ఒక రాతి ముక్క మీద "నాగబు" అనే మాట ఉందని వేటూరి ప్రభాకరశాస్త్రి గారు గుర్తించారు. మనకి దొరికిన తొలి తెలుగు మాట అదేనని చాలామంది చెప్తారు. రాయి విరిగిపోయింది, ముందూ వెనకా ఏముందో లేదు. మిగిలింది ఒక్క మాట. అది అమరావతిది అని తెలుసు కాబట్టే, ఆ కాలంలో కృష్ణ ఒడ్డున ఏ భాష వినిపించేదో మాట్లాడగలుగుతున్నాం.

అమరావతిలోనే ఇంకో పాఠం ఉంది. 1790లలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు అక్కడ కొత్త పట్నం కట్టిస్తున్నప్పుడు, పాత దిబ్బలోని రాళ్లు ఇళ్లకీ కట్టడాలకీ పోయాయి. 1797లో కోలిన్ మెకంజీ ఆ చోటు చూశారు. చాలా ఏళ్ల తరవాత మళ్లీ వచ్చి, తన మనుషులతో రాళ్ల బొమ్మలు గీయించారు. ఆ రాళ్లలో కొన్ని ఇప్పుడు చెన్నై మ్యూజియంలో, కొన్ని లండన్‌లో ఉన్నాయి. కొన్ని ఎక్కడా లేవు. లేనివాటి గురించి మనకి తెలిసింది ఆ కాగితాల వల్లే. మెకంజీ ఊరూరి కథలు రాయించగలిగారంటే కారణం ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు. బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. స్థానికులతో మాట్లాడి విషయం రాబట్టింది ఇలాంటి మన తెలుగువాళ్లే. రాయి పోయినా రాత మిగిలింది.

నేను గుడిలో సేవ చేస్తాను. పూజ అయ్యాక ప్రసాదం దగ్గర జనం నిలబడి కబుర్లు చెప్పుకుంటారు. ఒకసారి ఒక జంట నాకు చిన్న స్టీలు డబ్బా చూపించారు. లోపల నల్లబడిన నాణెం ఒకటి, ఎర్రటి పూసలు నాలుగు. "ఇవి ఏ కాలానివి అంకుల్?" అని అడిగారు. నేను "ఎక్కడ దొరికాయమ్మా?" అన్నాను. "తాతగారి పొలంలో." "ఏ పొలం? చెరువు కిందదా, గుట్ట పక్కదా? అన్నీ ఒకేచోట దొరికాయా?" ఆ అమ్మాయి భర్త వైపు చూసింది. తాతగారు పోయి ఆరేళ్లయింది. పొలం అమ్మేశారు. ఇంక అడగడానికి ఎవరూ లేరు. ఆ డబ్బాలో ఉన్నవి అందమైన వస్తువులే, కానీ అవి ఇంక ఏమీ చెప్పలేవు.

చట్టం సంగతి కూడా తెలుసుకోవాలి. భారతదేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం, నూరేళ్లు దాటిన నాణెం, శిల్పం లాంటివి మామూలు మనుషులు దేశం దాటించకూడదు. తాతగారు ప్రేమతో ఇచ్చినా అంతే. పురావస్తువుల దొంగ రవాణాని ఆపడానికి 1970లో చేసుకున్న యునెస్కో ఒప్పందంలో కెనడా కూడా ఉంది. వేరే దేశం నుంచి చట్టం తప్పి వచ్చిన వస్తువుని ఇక్కడి చట్టం కూడా ఒప్పుకోదు.

రజైనా నగరంలో జరిగింది చాలామంది గుళ్లలో చెప్పుకున్నారు. 1913లో నార్మన్ మెకంజీ అనే కెనడా ఆయన (అమరావతి మెకంజీ కాదు, వేరే ఆయన) కాశీ నుంచి ఒక చిన్న అన్నపూర్ణ విగ్రహం తెచ్చారు. అది రజైనాలో ఒక గ్యాలరీలో ఉండేది. 2019లో దివ్యా మెహ్రా అనే కళాకారిణి ఆ సేకరణ చూస్తూ పాత రాతలు చదివారు. విగ్రహం ఒక గుడి నుంచి దొంగతనంగా వచ్చిందని వాటిలో ఉంది. 2021 నవంబరులో అమ్మవారు కాశీ విశ్వనాథుడి గుడికి చేరింది. నూరేళ్ల తరవాత ఆమె ఇంటికి వెళ్లగలిగిందంటే, ఎక్కడి నుంచి ఎలా వచ్చిందో ఒక కాగితం మీద ఉంది కాబట్టి. ఆ డబ్బాలోని నాణేనికి అలాంటి కాగితం లేదు.

ఇక ఊళ్లో వాళ్లు ఏమంటారో నాకు తెలుసు. "చెప్తే ఆఫీసర్లు వచ్చి అన్నీ పట్టుకుపోతారు, పొలం కూడా పోతుంది." ఈ భయం పాతది. కానీ 1878 నాటి నిధుల చట్టం చదివితే అది వేరేలా ఉంది. పది రూపాయలకు మించిన విలువ ఉన్నది భూమిలో దొరికితే కలెక్టరుకి రాసి ఇవ్వాలి. ఏమి రాయాలి? దొరికింది ఏమిటి, ఎంత. దొరికిన చోటు. దొరికిన రోజు. ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు! వేరే హక్కుదారు ఎవరూ తేలకపోతే, మూల చట్టంలో మూడు వంతులు దొరికించుకున్నవాడికి, ఒక వంతు నేల యజమానికి అని ఉంది. ప్రభుత్వం తీసుకుంటే ఆ లోహం విలువ, దానిమీద ఇంకో అయిదో వంతు ఇవ్వాలి. దాచినవాడికి మాత్రం వాటా పోతుంది, శిక్ష కూడా ఉంది. అన్ని ఆఫీసుల్లో పని సాఫీగా జరుగుతుందని నేను అనను. కానీ చెప్పినవాడి కంటే దాచినవాడికే నష్టం ఎక్కువ.

ఇంకో అభ్యంతరం దీనికంటే బలమైనది. ఫలానా పొలంలో పాత నాణేలు దొరికాయని ఫోన్లో అందరికీ పంపితే, రాత్రికి రాత్రి గుప్తనిధుల కోసం తవ్వేవాళ్లు వస్తారు. వాళ్లు పాత గుళ్లలో నందిని కూడా పగలగొడతారు. ఈ భయం నిజమైనది. దీనికి ఇంగ్లండ్‌లో ఒక దారి కనిపెట్టారు. అక్కడ 1997లో పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ అనే పని మొదలైంది. 2003 నాటికి ఇంగ్లండ్, వేల్స్ అంతటా వచ్చింది. మామూలు జనానికి దొరికిన చిన్న వస్తువులని అధికారులు చూసి, ఫొటో తీసి, రాసుకుంటారు. చాలా వస్తువులు మళ్లీ దొరికినవాళ్లకే ఇచ్చేస్తారు. ఇలా 15 లక్షలకు పైగా వస్తువులు నమోదయ్యాయి. కచ్చితమైన చోటు పరిశోధకులకి చూపిస్తారు, జనానికి సుమారు చోటు మాత్రమే. మనం కూడా అలాగే చేద్దాం. పొలం గుర్తులు పురావస్తు శాఖకి. బయటివాళ్లకి మండలం పేరు చాలు.

మనం ఉండే ఎటోబికో సంగతీ ఇంతే. ఈ పేరు అనిషినాబే భాషది. ఆల్డర్ చెట్లు పెరిగే చోటు అని అర్థం. మనకి తూర్పున హంబర్ నది, దాని అవతలి ఒడ్డున 1600లలో సెనెకా జనం ఊరు టెయాయాగన్ ఉండేది. ఇప్పుడు అక్కడ ఇళ్లున్నాయి. వాకింగ్‌కి వెళ్లినప్పుడు మీ పిల్లలకి రాతి బాణం మొన కనిపించిందనుకోండి. జేబులో వేసుకోనివ్వకండి. లైసెన్సు లేకుండా ఇలాంటి చోట్ల తవ్వడం, వస్తువు తీయడం ఒంటారియో చట్టం ఒప్పుకోదు. ఉన్నచోటే ఫొటో తీసి, చోటు రాసుకుని, ప్రావిన్సు అధికారులకి చెప్పాలి. ఇక్కడి మొదటి ప్రజల వస్తువుకి ఇచ్చే మర్యాద మన తాతగారి పొలానికీ ఇద్దాం.

ఇప్పుడు పని. ఈసారి ఊరు వెళ్లినప్పుడు ఎవరైనా పాత వస్తువు చూపిస్తే ఇలా చేయండి.

కడగకండి. ముఖ్యంగా చింతపండు పెట్టి తోమకండి. గుడిలో ఇత్తడి పళ్లేలకి అది మంచిదే. పాత రాగి నాణెం మీద అక్షరాలు ఆ పులుపుకి పోతాయి.

పక్కన స్కేలు పెట్టి రెండు వైపులా ఫొటో తీయండి. వీలైతే తూకం వేయించండి.

తరవాత అయిదు ప్రశ్నలు అడగండి. ఏమిటి? ఎవరికి దొరికింది? ఎప్పుడు? ఎలా, అంటే దున్నుతుంటేనా, తవ్వుతుంటేనా, ఎంత లోతులో? ఎక్కడ?

"ఎక్కడ" దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగండి. చాలా ఊళ్లలో పాటిదిబ్బ ఉంటుంది. పాత కాలంలో జనం ఉండి వెళ్లిపోయిన చోటు అది. అక్కడి మన్నుని పాటిమన్ను అంటారు. సారం ఎక్కువని రైతులు బండ్ల మీద తెచ్చి పొలాల్లో చల్లుతారు. మన్నుతో పాటు పూసలు, పెంకులు కూడా వస్తాయి. కాబట్టి "మీ పొలంలో పాటిమన్ను వేశారా? ఏ దిబ్బ నుంచి?" అని అడగాలి. ఈ ఒక్క ప్రశ్న అడగకపోతే, రాసిన చోటే తప్పవుతుంది.

తాతగారు చెప్పే మాటలు ఆయన చెప్పినట్టే రాయండి. చెరువు గట్టు, మర్రిమాను మడి, దేవుడి మాన్యం. మీకు అర్థం తెలియకపోయినా రాయండి. ఇంగ్లీషులో "పొలం దగ్గర" అని రాసుకుంటే అక్కడితో పోతుంది. ఆ పేర్లు చాలావాటికి మ్యాపులో చోటు లేదు, పెద్దవాళ్ల నోట్లోనే ఉన్నాయి. మీ తెలుగు తడబడినా పరవాలేదు. ఈ పనికి గొప్ప తెలుగు అక్కర్లేదు. అడిగి, విని, విన్నది విన్నట్టు రాసే ఓపిక కావాలి. భాష నేర్చుకుంటున్నవాళ్లకి ఆ ఓపిక ఇప్పటికే ఉంది.

వస్తువు ఊళ్లోనే ఉండనివ్వండి. రాసిన కాగితం రెండు కాపీలు తీయండి. ఒకటి తహసీల్దారు ఆఫీసు ద్వారా కలెక్టరుకి గానీ, పురావస్తు శాఖకి గానీ ఇవ్వమని ఇంట్లోవాళ్లకి చెప్పండి. రెండోది మీతో ఎటోబికో తెచ్చుకోండి. తాతగారి గుర్తుగా ఆ కాగితం చాలు.