చూపుకీ ఒక మర్యాద ఉంది

సెరెంగెటి అనగానే మన విద్యార్థులకు టీవీలో చూసిన సింహమే గుర్తొస్తుంది. టాంజానియాలోని ఈ జాతీయ ఉద్యానం 1951లో ఏర్పడింది. 14,763 చదరపు కిలోమీటర్ల గడ్డిమైదానం, అక్కడక్కడా తుమ్మచెట్లు. పది లక్షలకు పైగా వైల్డ్‌బీస్టులు ఏటా పచ్చికను వెతుక్కుంటూ ఇక్కడి నుంచి పొరుగున కెన్యాలో ఉన్న మసాయి మారాకు వెళ్లి, మళ్లీ తిరిగి వస్తాయి.

అక్కడికి వెళ్లే యాత్రికుల్లో చాలామంది మనసులో ఒక జాబితా ఉంటుంది. సింహం, చిరుతపులి, ఏనుగు, ఖడ్గమృగం, అడవిదున్న. వీటినే ‘బిగ్ ఫైవ్’ అంటారు. ఆ పేరు పెట్టింది వేటగాళ్లు. కాలినడకన వేటాడటానికి చాలా కష్టమైనవి, ప్రమాదకరమైనవి ఈ ఐదే అని వారి లెక్క. తుపాకీ పోయి కెమెరా వచ్చింది కానీ జాబితా మాత్రం మారలేదు.

కెమెరా ఎవరినీ చంపదు కదా అనుకుంటాం. ఒక జంతువు కనబడిందంటే డ్రైవర్లు రేడియోలో ఒకరికొకరు చెప్పుకుంటారు. కాసేపట్లో వాహనాలు చుట్టుముడతాయి. చీతా ఎక్కువగా పగటిపూట వేటాడే జంతువు. జనం మధ్య దాని వేట చెదిరిపోతుంది. మసాయి మారాలో జరిపి, 2018లో ప్రచురించిన ఒక పరిశోధన ప్రకారం, సందర్శకుల తాకిడి తక్కువగా ఉన్న చోట తల్లి చీతా ఒక్కో ఈతకు సగటున 2.3 కూనలను పెంచి పెద్దచేయగలిగింది. తాకిడి ఎక్కువగా ఉన్న చోట ఆ సగటు 0.2. అంటే ఐదు ఈతలకు ఒక్క కూన!

యాత్రికులే వెళ్లకూడదని నేను అనను. ఉద్యానాల కాపలాకు వారు కట్టే రుసుములు ఎంతో అవసరం. వాహనం దారి దిగకూడదనే నియమం సెరెంగెటిలో ఉంది కూడా. అయితే “ఇంత డబ్బు కట్టాం, ఇంకొంచెం దగ్గరికి పోనివ్వు” అని డ్రైవరును తొందరపెట్టేది యాత్రికులే. చూసేవారిలో మర్యాద లేకపోతే నియమం ఒక్కటే ఏం చేస్తుంది?

ఈ మాట మనకూ వర్తిస్తుంది. మన దేశంలో అంతరించిందని 1952లో ప్రకటించిన చీతాను 2022లో నమీబియా నుంచి మధ్యప్రదేశ్‌లోని కూనోకు తెచ్చుకున్నాం. బదిలీల మీద నేను పనిచేసిన ఊళ్లన్నింటిలో, అడవి చూసి వచ్చిన పిల్లలను పెద్దలు అడిగే ప్రశ్న ఒకటే: “పులి కనిపించిందా?” లేదంటే యాత్ర దండగ అన్నట్టు ముఖం పెడతారు. పేడను ఉండచేసి దొర్లించుకుపోయే పేడపురుగు, ఎముకలను సైతం కొరికి తినే దుమ్ములగొండి, కళేబరాన్ని శుభ్రం చేసే రాబందు ఎవరి లెక్కలోకీ రావు. ఇవి లేనిదే ఆ మైదానమూ లేదు, సింహమూ లేదు.

విద్యార్థులారా, ఈసారి విహారయాత్రకు వెళ్లినప్పుడు గొంతు తగ్గించండి, దూరం పాటించండి, చిన్న ప్రాణులనూ గమనించండి. పులి కనబడకపోతే అది తన పనిలో ఉందనుకోండి. అడవిలో మనం అతిథులం. ఇంటివారికి ఇబ్బంది కలిగించకుండా రావడమే మంచి అతిథి లక్షణం.