ఒక్క రోజు, నాలుగు శుభలేఖలు

ఆషాఢమంతా ఊరుకుని, శ్రావణం రాగానే పంతుళ్ళందరూ కూడబలుక్కున్నట్టు ఒకే రోజుకి ముహూర్తాలు పెట్టేస్తారు. పాపం వాళ్ళ తప్పేం లేదు లెండి. ఆషాఢం పనికిరాదు, భాద్రపదం పనికిరాదు, పుష్యం పనికిరాదు, మధ్యలో మూఢం వస్తే ఆ రోజులూ పోయినట్టే. మిగిలిన కాసిని మంచి రోజుల్లోనే ఊళ్ళో ఉన్న పెళ్ళిళ్ళూ గృహప్రవేశాలూ అన్నీ సర్దుకోవాలి.

అలా మొన్న శ్రావణంలో ఒక గురువారానికి మా ఇంట్లో నాలుగు శుభలేఖలు పోగయ్యాయి. తెల్లవారుజామున నిజాంపేటలో మా ఆడపడుచు కొత్త ఫ్లాటు గృహప్రవేశం. పదకొండింటికి వనస్థలిపురంలో మా పెద్దమ్మ మనవరాలి పెళ్ళి. సాయంత్రం నాలుగింటికి హబ్సిగూడలో నా స్నేహితురాలి కూతురి సీమంతం. రాత్రికి కొంపల్లిలో మావారి ఆఫీసులో ఒకాయన కొడుకు రిసెప్షన్. మేముండేది నల్లకుంటలో. హైదరాబాదుకి ప్రదక్షిణ చేసినట్టే.

"అన్నిటికీ వెళ్ళగలమా?" అన్నాను. "నాకు ఆఫీసుంది కదా. నువ్వెళితే ఇద్దరం వెళ్ళినట్టే" అన్నారు మావారు. ఈ మాట మీ ఇళ్ళల్లోనూ వినపడుతూనే ఉంటుంది.

మూడింటికి లేచి తలస్నానం చేసి, పట్టుచీర కట్టుకుని, రాత్రికి ఇంకో చీర సంచిలో పెట్టుకుని బయల్దేరాను. పాలు పొంగడం చూశాం. మావారు ఉప్మా తిని, కాఫీ తాగి, కారేసుకుని వెళ్ళిపోయారు. "భోంచేసి వెళ్ళు వదినా, మధ్యాహ్నం సత్యనారాయణ వ్రతం కూడా ఉంది" అంది మా ఆడపడుచు. పెళ్ళి ఉందన్నాను. దాని మొహం చిన్నబోయింది. పదిహేనేళ్ళు అద్దె ఇళ్ళల్లో ఉండి కొనుక్కున్న ఇల్లది. ఒక్కో గదీ తిప్పి చూపించాలని దాని ఆశ. వంటగది చూశాను, బాల్కనీలోంచి తొంగి చూశాను, అంతే. దేవుడి గది ఎటుందో ఇప్పుడడిగితే చెప్పలేను.

జేఎన్‌టీయూ స్టేషన్లో మెట్రో ఎక్కితే ఎల్బీనగర్ దాకా మారే పని లేదు. లాప్‌టాప్ సంచుల మధ్య కంచిపట్టు చీరతో, తలలో మల్లెపూలతో నేనొక్కదాన్నే. ఒకమ్మాయి లేచి చోటిచ్చి "ఫంక్షనా ఆంటీ?" అంది. "ఫంక్షన్లు" అన్నాను.

పెళ్ళిలో జీలకర్ర బెల్లం వేళకి అందుకున్నాను. అక్షింతలు వేశాను, వెయ్యినూట పదహార్లు చదివించాను, అవతల వాళ్ళు పుస్తకంలో రాసుకున్నారో లేదో కూడా చూసుకున్నాను. (మా పుస్తకంలో మనమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి వాళ్ళెంత పెట్టారో రాసుంది. ఆ పుస్తకం రాసేదీ, దాచేదీ నేనే.) బంతి భోజనం దగ్గర పిన్ని కనిపించింది. సూర్యాపేట నుంచి ఒక్కతే బస్సులో వచ్చిందట. బాబాయి పోయాక బాగా నలిగిపోయింది. నా చెయ్యి పట్టుకుని, "కాసేపు కూచోవే. నీతో ఒక మాట అడగాలి" అంది.

అప్పటికి రెండున్నర. ఆటోలో నాగోలు వెళ్ళి, అక్కడ మెట్రో పట్టుకుంటే గాని నాలుగింటికి హబ్సిగూడ చేరను. "రేపు ఫోన్ చేస్తా పిన్నీ" అన్నాను. "వెళ్ళు వెళ్ళు, పేరంటం మానకూడదు" అంది. చెయ్యి మాత్రం వెంటనే వదల్లేదు.

సీమంతంలో గాజులు తొడిగి, చలిమిడి తీసుకున్నాను. తాంబూలంలో వచ్చిన జాకెట్టు గుడ్డ, పోయిన మాఘంలో నేనే ఎవరికో పెట్టినది. ఊరంతా తిరిగి నాకంటే ముందే వచ్చి కూర్చుంది. అక్కడే చీర మార్చుకున్నాను. మావారు వచ్చి ఎక్కించుకున్నాక బోయినపల్లి, సుచిత్ర దాటి కొంపల్లి చేరేసరికి తొమ్మిది. స్టేజీ ఎక్కడానికి అరగంట క్యూ. ఫొటోగ్రాఫరు "మేడమ్, ఇటు" అన్నాడు, మేం నవ్వాం. పెళ్ళికొడుకు మమ్మల్ని ఎరగడు, మేమూ అతన్ని ఎరగం.

మర్నాడు పిన్నికి ఫోన్ చేశాను. "ఏం లేదులే, ఊరికే" అంది. నెల తర్వాత తెలిసింది, సూర్యాపేట ఇల్లు అమ్మేశారని. సంతకం పెట్టాలా వద్దా, పెడితే తన పేరిట కొంత డబ్బు ఉంచుకోమని అడగొచ్చా అని నన్ను అడుగుదామనుకుందట. నా ఎండాకాలం సెలవులన్నీ ఆ ఇంట్లోనే గడిచాయి. నేను కూర్చున్నా అమ్మకం ఆగేదని కాదు. కనీసం ఆ డబ్బు మాటైనా చెప్పేదాన్ని. ఇప్పుడు పిన్ని ఉప్పల్లో కొడుకు దగ్గరుంటోంది.

మా అత్తగారు అంటారు, "మనం వెళ్ళకపోతే మన ఇంటికెవరొస్తారమ్మా?" అని. అబద్ధమేం కాదు. మా అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి ఎవరు రాలేదో నేనూ వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను, ఇద్దరితో ఏడాది సరిగ్గా మాట్లాడలేదు కూడా. నేనూ ఆ తానులో ముక్కనే. కానీ మా అత్తగారి రోజుల్లో వెళ్ళడమంటే రెండ్రోజులు ముందెళ్ళి కూరలు తరగడం, రాత్రిళ్ళు చాపల మీద పడుకుని కష్టసుఖాలు చెప్పుకోవడం. పిన్ని అడగాలనుకున్న మాటలన్నీ ఆ చాపల మీదే తేలేవి. ఇప్పుడు మనం చేస్తున్నది హాజరు పట్టీలో టిక్కు పెట్టించుకోవడం. నాలుగు చోట్ల టిక్కులు పడ్డాయి, ఒక్క చోటా నేను లేను. అందుకే రోజుకి ఒకటే అనుకున్నాను. మిగతావాళ్ళకి ముందే రాలేనని చెప్పి, తర్వాత తీరిక చూసుకుని వాళ్ళింటికి వెళ్తాను. పిలిచేవాళ్ళూ దాన్ని రావడం కిందే లెక్కేసుకోవాలి.

కార్తీకంలో మళ్ళీ ఒకే రోజుకి మూడు వచ్చాయి. రెండిళ్ళకి ఫోన్ చేసి చెప్పేశాను. ఒకావిడ నవ్వి "అదృష్టవంతురాలివే, నీకు చెప్పే ధైర్యముంది" అంది. రెండో ఆవిడ "సరే" అని పెట్టేసింది. ఆ "సరే" ఇంకా నా చెవిలోనే ఉంది.

అది చూసి ఉండబట్టలేక మా అత్తగారు కవరులో డబ్బు పెట్టి మావారి చేతికిచ్చారు, "నువ్వైనా వెళ్ళి చదివించి రా" అని. వెళ్ళారు! రాత్రి పదకొండింటికి వచ్చి, చెప్పులు విప్పుతూనే అడిగారు, "ఆకుపచ్చ చీరావిడ నీ గురించి అరగంట అడిగింది. ఎవరావిడ?"

ఆయన మేనత్త కూతురే.