గృహవిజ్ఞానము: కంప్యూటరు గుర్తింపని డిస్కు డ్రైవు



గోదావరీ తీరమునుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినది. 2006వ సంవత్సరమున ఆమె వివాహమునందు తల్లిగారు పాడిన మంగళహారతి యొక డి.వి.డి. డిస్కులో నిలిచియున్నది. ఆ తల్లిగారు నిరుడు స్వర్గస్థులైరి. సంవత్సరీకమునకు వచ్చు బంధువులకు ఆ కంఠము వినిపింపదలచి డిస్కును కంప్యూటరునం దుంచగా, తెరమీద డ్రైవు గుర్తే కానరాలేదట. మరమ్మతు దుకాణమువారు డ్రైవు పనికిరాదనియు, డిస్కును చెడియుండుననియు తేల్చివేసిరట. “ఇక మాయమ్మ గొంతు నాకు వినబడదా?” యని యామె ప్రశ్న.

అమ్మా! అప్పుడే నిరాశ చెందవలదు. డ్రైవు వేరు, డిస్కు వేరు. భోషాణము తాళము రానంతమాత్రమున లోని నగలు పోయినవని యెవరందురు? తెరమీద డ్రైవు గుర్తుండి డిస్కు మాత్రము చదువబడకున్న, దోషము డిస్కుదో కటకముదో కావచ్చును. గుర్తే లేకున్న, కంప్యూటరు డ్రైవునే యెరుగదన్నమాట. మీ యింట జరిగిన దీ రెండవది.

మొదట డిస్కును వెలికి దీసి భద్రపరచుడు. పళ్లెము తెరచుకొనకున్న, కంప్యూటరు నాపి, డ్రైవు ముందుభాగమున నున్న సన్నని రంధ్రములో కాగితముల క్లిప్పును తిన్నగా సాగదీసి మెల్లగా నొత్తుడు. పళ్లెము కొంచెము వెలికి వచ్చును. పిమ్మట చేతితో లాగవచ్చును.

రెండవది, తీగెల పరీక్ష. బల్లమీది కంప్యూటరైనచో, విద్యుత్తు పూర్తిగా తీసివేసి పెట్టె తెరపింపుడు. సాటా డ్రైవునకు రెండు కేబుళ్లుండును: 7 మొనలది సమాచారమునకు, 15 మొనలది విద్యుత్తునకు. రెంటిని ఊడదీసి మరల గట్టిగా దూర్చవలెను. వెలుపల తగిలించు యు.యస్.బి. డ్రైవైనచో, నడుమ హబ్బు పెట్టక కంప్యూటరునకే నేరుగా తగిలింపుడు. యు.యస్.బి. 2.0 ద్వారము 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 ద్వారము 900 ఇచ్చునట్లు ఏర్పాటు కలదు. డిస్కు తిరుగ మొదలిడునపుడు మోటారునకు శక్తి యెక్కువ కావలెను. అది చాలకున్న డ్రైవు మూగబోవును. రెండు తలల కేబులున్న, రెండును తగిలింపవలెను.

మూడవది, లోపల నమర్చిన డ్రైవునకు. యంత్రము మొదలగునపుడు బయాసు పట్టికలో డ్రైవు పేరున్నదేమో చూపింపుడు. ఉన్నచో తీగెలు సరిగానే యున్నవి, చిక్కు విండోసులో నున్నది. లేనిచో కేబులునో డ్రైవునో అనుమానింపవలెను.

విండోసులో స్టార్టు గుర్తుమీద మౌసు కుడి మీట నొక్కి, డివైస్ మేనేజరును తెరువుడు. డి.వి.డి. డ్రైవుల వరుసలో పసుపుపచ్చని హెచ్చరిక గుర్తున్నచో, ఆ పేరుమీద మరల కుడి మీట నొక్కి అన్‌ఇన్‌స్టాల్ చేసి, కంప్యూటరును మరల మొదలిడుడు. విండోసు తానే డ్రైవును వెదకి కుదుర్చుకొనును. అచట 19, 31, 32, 39, 41 అను సంఖ్యలలో నొకటి కానవచ్చిన, డిస్కులు వ్రాయు పాత ప్రోగ్రాములు రిజిస్ట్రీలో విడిచిన ‘అప్పర్ ఫిల్టర్స్’, ‘లోయర్ ఫిల్టర్స్’ అను పదములు కారణము కావచ్చును. వానిని తొలగించిన తరచుగా డ్రైవు మేల్కొనును. కాని రిజిస్ట్రీ తెలియనివారు తాకరాని చోటు. ముందు దాని నకలు తీసి, తెలిసినవారిచేతనే యాపని చేయింపుడు.

ఇన్ని చేసినను ఫలము లేకున్న, డ్రైవు నిజముగా చెడినదనుకొందము. అప్పటికిని డిస్కున్నది కదా! బంధువుల యింటనో స్నేహితురాలి యింటనో మరియొక డ్రైవులో దానిని పరీక్షింపుడు. సి.డి.కి 780, డి.వి.డి.కి 650 నానోమీటర్ల లేసరు కిరణములు వేరువేరుగా నుండుటచే, సి.డి.ని చదువు డ్రైవు డి.వి.డి.ని చదువకపోవుటయు గలదు. కావున డి.వి.డి.ని చక్కగా చదువుచున్న డ్రైవునే కోరుడు. డిస్కు మాసియున్న మెత్తని నూలుగుడ్డతో నడుమనుండి అంచువైపునకు తిన్నగా తుడువవలెను, గుండ్రముగా రుద్దరాదు. ఎండ తగులనీయరాదు, ఇండ్లలో వ్రాసిన డిస్కుల రంగుపొర వెలుతురునకు క్షీణించును.

ఆ కంఠము వినబడిన మరుక్షణమే దానిని కంప్యూటరులోనికిని, ఒక పెన్‌డ్రైవులోనికిని నకలు తీయుడు. మరియొక నకలు తోబుట్టువుల కిండు. ఒక్కచోట దాచినది దాచినట్లు కాదు.

తక్కిన సోదరీమణులకును మా మనవి యొకటి. మీ బీరువాలలో నిట్టి డిస్కులున్న, శుభాశుభములు వచ్చువరకు వేచియుండక, ఈ ఆదివారమే వెలికి దీసి చూడుడు. పోయినవారి గొంతు రెండవమారు వ్రాయించుకొన వీలులేదు కదా!