ఎడారి తోటకు ఐస్ ప్లాంట్

ఏడాదికి సగటున 200 మిల్లీమీటర్ల వాన కూడా పడని ఫీనిక్స్ లాంటి అరిజోనా నగరంలో ఇంటి ముందు నేలను కప్పడానికి పచ్చిక కన్నా ఐస్ ప్లాంటే మేలు. దక్షిణాఫ్రికాకు చెందిన ఈ మొక్క దళసరి ఆకుల్లో నీరు దాచుకుంటుంది, నేలబారుగా పాకుతుంది, ఎండ పడగానే పూలు విప్పుతుంది. అయితే జాతి చూసి ఎంచుకోవాలి. చల్లటి ప్రాంతాల్లో రాణించే డెలోస్పెర్మా రకాలు చాలావరకు ఫీనిక్స్ వేసవికి కమిలిపోతాయి. 2023లో అక్కడ వరసగా 31 రోజులు ఉష్ణోగ్రత 43 డిగ్రీల సెల్సియస్ దాటింది మరి. పసుపు పూల మాలెఫోరా లూటియా ఆ వేడికి నిలబడుతుంది. అక్టోబరు, నవంబరుల్లో మూరెడు దూరానికొక కొమ్మ నాటితే వేసవిలోగా వేళ్లు దిగుతాయి. ఎరువు దాదాపు అక్కర్లేదు. అసలు చిక్కంతా నీటితోనే. నడివేసవిలో మొక్క ఎదుగుదల తగ్గించుకుంటుంది; అది వాడిపోతోందనుకుని జాలిపడి రోజూ తడిపితే వేడి నేలలో వేళ్లు కుళ్లి, మడి నడుమ ఎండిన మచ్చలు పడతాయి. ఆ మచ్చలు చూసి ఇంకా నీళ్లు పోస్తే మిగిలిందీ పోతుంది! అక్కడి నేల అడుగున చాలాచోట్ల ఉండే కాలిచీ అనే గట్టి సున్నపు పొర నీటిని ఇంకనివ్వదు కనుక, దాన్ని పగలగొట్టి గానీ, ఇసుకా కంకరా కలిపిన మట్టిని ఎత్తుగా పోసి గానీ నాటాలి. మట్టి లోపలిదాకా ఆరాకే మళ్లీ తడపాలి, అదీ తెల్లవారుజామున. కాలిఫోర్నియా తీరంలో స్థానిక మొక్కలను అణచివేసిన కార్పోబ్రోటస్ అనే ఐస్ ప్లాంట్ రకాన్ని మాత్రం ఎవరూ తెచ్చి నాటకూడదు.