ప్రేమలేఖ తెచ్చిన తెగులు

2000వ సంవత్సరము మే నెల మొదటివారమున మనీలానుండి వెడలిన యొక ప్రేమలేఖకు వెరచి బ్రిటిషు పార్లమెంటు సైతము తన ఈమెయిలును మూసికొనవలసి వచ్చెను. “ఐ లవ్ యూ” యను శీర్షికగల ఆ జాబునకు జతపరచిన ఫైలు పేరు “టీఎక్స్‌టీ”తో ముగిసినట్లు కనబడుటచే జనులు ఉత్త వ్రాతయని తెరచిరి. దానివెనుక “వీబీఎస్” అను అసలు తోక కలదు. విండోస్ దానిని మరుగుపరచినది. తెరచినంతనే అది ఫైళ్లను చెరచి, బాధితుని చిరునామా పట్టికలోని వారికెల్ల అతని పేరనే పోయెను. అపరిచితుని జాబునే శంకింపవలెనను మనవారి నమ్మకమెంత పొరపాటు! ఆ తెగులు మిత్రుని చేవ్రాలుతోనే వచ్చినది.

ఫిలిప్పీన్సులో నాడు తగిన శాసనము లేమిచే అభియోగము వీగిపోయినది. శాసనము జూనులో వచ్చినది; దొంగలుపడిన ఆరునెలలకు గాకున్నను నెలకు కుక్కలు మొరిగినవి. మన ఐ.టి. చట్టమున 43, 66 సెక్షనులు గలవు. కాని చెడిన ఫైలును ఏ న్యాయస్థానమును మరల నీయజాలదని న్యాయవాదులమైన మేమే చెప్పవలసియున్నది.

నేడది శుభలేఖయనియు, వాహనపు చలానాయనియు వేషముమార్చి వాట్సాపులో “ఏపీకే” తోకతో వచ్చుచున్నది. శుభలేఖ చదువుటకు యాప్ నెక్కించుకొన నేల? పంపినవారిని ఫోనులో నడుగుట మర్యాదకు లోపమని సంకోచించువారు పెక్కురు గలరు. ఈ సంకోచమే దొంగకు తలుపు దీయుచున్నది. ముఖ్యపత్రములకు వేరొకచోట ప్రతులుంచుకొనుడు. ధనము పోయినచో తత్క్షణమే 1930కి ఫోను చేయుడు.

ఇన్నేండ్లు గడచినను విండోస్, మనము మార్చినగాని, ఆ తోకను దాచియే యుంచుచున్నది. కొనువారి కన్నులు గప్పు ఈ యేర్పాటును తయారుచేయువారే తొలగింపవలెనని మేము కోరుచున్నాము.